కార్ల కంపెనీల క్రెడిట్ కార్డులు: ఏ పాయింటుకి ఎన్ని సెంట్లు?

స్టీరింగ్_సీటు అడిగినది:

అమెరికాలో ఉంటున్నవాళ్లకి ఈ ప్రశ్న. రెండు మూడేళ్లలో కారు మార్చాలి. ఇప్పుడున్నది టొయోటా. మళ్లీ టొయోటా హైబ్రిడ్డే తీసుకోవడమా, షెవ్రొలే ఎలక్ట్రిక్ వైపు వెళ్లడమా అన్నది ఇంకా తేలలేదు. ఇంటి ఖర్చులు నెలకి 2,000 డాలర్ల దాకా కార్డు మీదే నడుస్తాయి, బిల్లు నెలనెలా పూర్తిగా కట్టేస్తాం. ప్రస్తుతం వాడుతున్నది అన్నిటికీ 2 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు.

జీఎం (షెవ్రొలే తయారుచేసే జనరల్ మోటార్స్), టొయోటా, ఫోర్డ్ కార్డులు చూస్తుంటే ఒకడు నాలుగు పాయింట్లంటాడు, ఇంకొకడు ఐదంటాడు. వీటిని ఒకదానితో ఒకటి ఎలా పోల్చాలి? పాయింట్లు చూపిస్తే డీలర్ నిజంగానే ధర తగ్గిస్తాడా, లేక ఎలాగూ ఇచ్చే డిస్కౌంట్‌లోంచే కోసేసి ఇచ్చినట్టు చూపిస్తాడా? డౌన్ పేమెంట్ కార్డు మీద కట్టనిస్తారా? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పగలరు.

---

లెక్కల_పుస్తకం:

పాయింట్ల సంఖ్య చూసి పోల్చకండి. డాలరు ఖర్చుకి ఎన్ని సెంట్లు వెనక్కి వస్తున్నాయి, ఆ సెంట్లు ఎక్కడ చెల్లుతాయి అన్న రెండే చూడండి.

ఫోర్డ్ పాయింటు డీలర్ దగ్గర అర సెంటు చేస్తుంది. 20,000 పాయింట్లంటే వినడానికి ఘనంగా ఉంటుంది, చేతికొచ్చేది 100 డాలర్లు. జీఎం పాయింట్లు కారు కొనేటప్పుడు వెయ్యికి 10 డాలర్లు, అంటే పాయింటుకి సెంటు. కాబట్టి ఫోర్డ్ వాళ్ల పది పాయింట్లూ జీఎం వాళ్ల ఐదు పాయింట్లూ ఒకటే. టొయోటా రివార్డ్స్ వీసాది ఇంకో పద్ధతి: టొయోటా డీలర్ దగ్గర డాలరుకి 5 పాయింట్లు, పెట్రోలు, హోటల్ భోజనం, వినోదం మీద 2, మిగతా వాటికి 1. మీ 2,000 డాలర్లలో ఎక్కువ భాగం కిరాణా, కరెంటు, ఫోను, ఇన్సూరెన్స్ అయితే అవన్నీ ఆ ఒక్క పాయింటు గుంపులోకే పోతాయి. పైన రాసిన పెద్ద అంకె మీ ఖర్చులో ఎంత భాగానికి వర్తిస్తుందో చూడకుండా కార్డు తీసుకుంటే, చేతిలో ఉన్న 2 శాతం కార్డు కంటే తక్కువే వస్తుంది.

జీఎం కార్డు గోల్డ్‌మన్ శాక్స్ చేతిలో ఉన్నప్పుడు జీఎం బయట ప్రతి ఖర్చుకీ 4 పాయింట్లు, జీఎం దగ్గర 7 పాయింట్లు ఇచ్చేది. ఇప్పుడు కార్డు బార్క్లేస్ కిందకి వెళ్లింది. పాత బ్లాగుల్లో అంకెలు పట్టుకుని లెక్క వేయకుండా, దరఖాస్తు పేజీలో ఉండే రివార్డ్స్ నిబంధనలు తెరిచి అప్పటి రేటు తీసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఏ రేటుకైనా ఒకటే. ఉదాహరణకి 4 శాతం అనుకుందాం.

మీరు రెండు మూడేళ్లన్నా, లెక్కకి ఐదేళ్లనుకుందాం: నెలకి 2,000 చొప్పున 1,20,000 డాలర్ల ఖర్చు. దాని మీద 4 శాతమంటే 4,800 డాలర్లు, కానీ అది జీఎం బండి కొంటేనే. 2 శాతం కార్డు మీద ఏడాదికి 480 డాలర్లు నగదు. దాన్ని ఏటా తీసి 4 శాతం వడ్డీ వచ్చే సేవింగ్స్‌లో వేసుకుంటూ పోతే ఐదో ఏడాది చివరికి దాదాపు 2,600. ఇప్పుడు 2,600ని 4,800తో భాగించండి, 54 శాతం వస్తుంది. అంటే ఐదేళ్ల తర్వాత జీఎం బండే కొంటామన్న నమ్మకం 54 శాతం దాటితేనే జీఎం కార్డు గెలుస్తుంది. మీరేమో టొయోటానా షెవ్రొలేనా అని ఊగుతున్నారు. మీ నమ్మకం ఎంతో మీరే వేసుకోండి.

ఇంకో సంగతి. పోల్చాల్సింది 2 శాతం కార్డుతోనే కాదు. కిరాణాకి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ సూపర్‌మార్కెట్లలో ఏడాదికి 6,000 డాలర్ల దాకా 6 శాతం ఇస్తుంది, ఏడాది రుసుము 95 డాలర్లు. అలాంటి కార్డు ఇంట్లో ఉంటే కిరాణా ఖర్చు కారు కార్డు మీదకి మళ్లించడం నష్టం. అన్ని ఖర్చులకీ ఒకటే కార్డు అనుకునేవాళ్లకే ఈ 4 శాతం ఆకర్షణ.

వీటి చరిత్ర కూడా కాస్త తెలిసి ఉంటే మంచిది. జీఎం కార్డు 1992లో హౌస్‌హోల్డ్ బ్యాంకుతో మొదలైంది, అప్పట్లో 5 శాతం. 2003లో హౌస్‌హోల్డ్‌ని హెచ్‌ఎస్‌బీసీ కొంది. 2012లో హెచ్‌ఎస్‌బీసీ అమెరికా కార్డుల వ్యాపారం క్యాపిటల్ వన్‌కి వెళ్లింది. 2022లో గోల్డ్‌మన్ శాక్స్, 2025లో బార్క్లేస్. క్యాపిటల్ వన్ కాలంలో వచ్చిన బయ్‌పవర్ కార్డులో 5 శాతం ఏడాదికి మొదటి 5,000 డాలర్లకే, ఆపైన 2 శాతం. మీ ఏడాది ఖర్చు 24,000కి దాని మీద వచ్చేది 250, 380 కలిపి 630 డాలర్లు. ప్రకటనలో ఐదు, లెక్కలో 2.6 శాతం. ఫోర్డ్ వాళ్లు 1993లో సిటీబ్యాంకుతో 5 శాతం కార్డు తెచ్చి 1997లో ఆపేశారు. ఐదేళ్లు కూడబెడదామని మొదలుపెట్టినవాళ్లకి నిబంధనలు మధ్యలో మారడం ఈ కార్డుల్లో కొత్తేమీ కాదు. నగదు క్యాష్‌బ్యాక్ అయితే ఎప్పటికప్పుడు మీ ఖాతాలోకి తీసేసుకోవచ్చు, బ్యాంకు మారినా మీదే.

---

సర్వీస్_బే:

లెక్కలు బాగానే ఉన్నాయిగానీ, కారు కొనడం ఒక్కటే చూస్తే సగం కథే. టొయోటా, ఫోర్డ్ కార్డుల అసలు ఉపయోగం సర్వీసు బిల్లుల దగ్గర ఉంది. కొత్త కారు అయిదేళ్లకో ఏడేళ్లకో ఒకసారి. టైర్లు, బ్రేకులు, 60,000 మైళ్ల సర్వీసు మాత్రం తప్పేవి కావు.

డీలర్ సర్వీసు బిల్లు 800 డాలర్లు అయితే టొయోటా కార్డు మీద 4,000 పాయింట్లు. బయట మెకానిక్ దగ్గర అదే పని 550కి అవుతుంటే పాయింట్ల కోసం డీలర్ దగ్గరికి పోవడం తెలివితక్కువ. డీలరే చేయాల్సిన సాఫ్ట్‌వేర్ పని లాంటివి ఎలాగూ అక్కడే చేయిస్తారు కాబట్టి, ఆ బిల్లులకి మాత్రం కార్డు చూపించండి. అంతవరకే.

పాయింట్లు పడకపోవడానికి మామూలు కారణం వ్యాపారి కోడ్. ప్రతి దుకాణానికీ కార్డు నెట్‌వర్క్‌లో నాలుగంకెల కోడ్ ఉంటుంది. కొత్త, పాత కార్లు అమ్మే డీలర్లకి 5511. పెట్రోలు బంకుకి 5541, పంపు దగ్గరే కార్డు గీకితే 5542, ఎలక్ట్రిక్ ఛార్జింగుకి 5552. గిడ్డంగి తరహా క్లబ్ దుకాణాలకి 5300, వాటి ఆవరణలో పోయించుకున్న పెట్రోలు కూడా ఒక్కోసారి అదే కోడ్‌తో పడుతుంది. అప్పుడు 2 పాయింట్ల బదులు 1 వస్తుంది. డీలర్‌షిప్ బాడీ షాపు వేరే కంపెనీ పేరుతో నడిస్తే దాని కోడ్ 5511 కాకపోవచ్చు. బిల్లు పెద్దదైతే కార్డు ఇచ్చే ముందు ఆ కౌంటరు ఏ పేరుతో ఛార్జ్ చేస్తుందో అడగండి. షెవ్రొలే ఎలక్ట్రిక్ ఆలోచన ఉంది కదా, ఏ కార్డులోనైనా పెట్రోలు పాయింట్లు అన్నచోట 5552 కూడా లెక్కకి వస్తుందా లేదా నిబంధనల్లో వెతకండి. రాయకపోతే ఇవ్వరనే అనుకోండి.

డీలర్ కౌంటర్ల దగ్గర అంటగట్టే సర్వీస్ కార్డు అని ఇంకోటి ఉంటుంది. వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తు ఉండదు, ఆ డీలర్ల దగ్గరే చెల్లుతుంది. ఆరు నెలలు వడ్డీ లేదు అని బోర్డు. అందులో చాలావరకు వాయిదా వడ్డీ పద్ధతి: గడువులోగా మొత్తం కడితే సరే, పది డాలర్లు మిగిలిపోయినా కొన్న రోజు నుంచి మొత్తం సొమ్ముకి వడ్డీ వేసేస్తారు. పైగా కనీస చెల్లింపు మాత్రమే కడుతూ పోతే ఆరు నెలలకి బాకీ తీరదు. మొత్తాన్ని అయిదుతో భాగించి నెలనెలా కట్టండి, ఆరో నెల ఖాళీగా ఉంచుకోండి. ఆ లెక్కకి నిలబడలేమనుకుంటే దాని జోలికి పోవద్దు.

---

ఫైనాన్స్_గది:

డీలర్ దగ్గర జరిగేది చెప్తాను, అక్కడే డబ్బు పోతుంది.

కార్డు పాయింట్ల మీద వచ్చే తగ్గింపు కంపెనీ సొమ్ము, డీలర్‌ది కాదు. డీలర్ మీకు తగ్గించి ఇచ్చి, ఆ మొత్తం కంపెనీ నుంచి రాబట్టుకుంటాడు. అందుకే అతని జేబులోంచి వచ్చే డిస్కౌంట్‌తో దీన్ని కలపనివ్వకూడదు. ముందుగా ఒకే మోడల్, ఒకే ట్రిమ్‌కి రెండు మూడు డీలర్ల నుంచి ఈమెయిల్లో అవుట్ ది డోర్ ధర తెప్పించుకోండి. పన్ను, రిజిస్ట్రేషన్, డాక్ ఫీజు (కాగితాల పనికి డీలర్ వేసే రుసుము), వాళ్లు అంటించిన అదనపు సామాను అన్నీ విడివిడిగా ఉండాలి. ఆ అంకె ఖాయమయ్యాకే, నా దగ్గర ఇన్ని కార్డు పాయింట్లున్నాయి, వాడుకుంటాను అనండి. ముందే చెప్పేశారా, బండి ధర పాయింట్ల మేరకు పైకి పోతుంది, తర్వాత అదే కిందకి దింపి చూపిస్తారు.

బయ్యర్స్ ఆర్డర్‌లో (ధర వివరాలన్నీ రాసి మీ సంతకం తీసుకునే కాగితం) పాయింట్ల తగ్గింపు విడి వరుసలో కనపడాలి. డీలర్ డిస్కౌంట్ అన్న వరుసలో కలిసిపోయి ఉంటే సంతకం పెట్టకండి. కంపెనీ అందరికీ ఇచ్చే క్యాష్ రిబేట్ ఒక వరుస, కార్డు తగ్గింపు ఇంకో వరుస, డీలర్ తగ్గింపు మూడో వరుస. వడ్డీ తక్కువ లోనుకి, క్యాష్ రిబేటుకి మధ్య ఏదో ఒకటే ఎంచుకోమంటారు. కార్డు పాయింట్లు ఆ రెంటిలో దేనితోనైనా కలుస్తాయా అని కంపెనీ రివార్డ్స్ ఫోన్ లైనుకే నేరుగా అడిగి తెలుసుకోండి, సేల్స్‌మన్ మాట మీద ఆధారపడకండి.

ఆగిపోయే చోట్లు:

— రిడీమ్ కోడ్ (పాయింట్లు వాడుకోవడానికి ఇచ్చే కోడ్) కొనేటప్పుడే వాడాలి. కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక మర్నాడు గుర్తొచ్చిందంటే కుదరదు. వెళ్లే ముందే ఆన్‌లైన్‌లో లాగిన్ అయ్యి పాయింట్లు ఎన్ని, కోడ్ ఎలా వస్తుంది చూసుకోండి.

— కార్డు మీద పేరు, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద పేరు. మనవాళ్లకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఇంటిపేరు ముందు రాసిన కార్డు ఒకటి, పాస్‌పోర్టు ప్రకారం తిరగేసిన లైసెన్సు ఒకటి, కార్డు భర్త పేరున, బండి భార్య పేరున. ఒకే ఇంట్లోవాళ్లకి పాయింట్లు వాడుకోవచ్చని నిబంధన ఉన్నా, చిరునామా రుజువు అడుగుతారు. పేరు తేడా ఉంటే బ్యాంకుకి ఫోన్ చేసి ముందే సరిచేయించుకోండి.

— బండి కొత్తదా, పాతదా. కొత్త బండ్లకే చెల్లే పాయింట్లని సర్టిఫైడ్ పాత బండి మీద వాడబోతే తిప్పి పంపుతారు.

పన్ను సంగతి. చాలా రాష్ట్రాల్లో కంపెనీ రిబేటుకి ముందున్న ధర మీదే సేల్స్ టాక్స్ వేస్తారు. కాలిఫోర్నియాలో అంతే. అక్కడ ట్రేడ్-ఇన్ (డీలర్‌కి ఇచ్చేసే పాత బండి) విలువ కూడా పన్ను లెక్కలోంచి తీసేయరు. 3,000 డాలర్ల పాయింట్లు వాడితే, 9 శాతం పన్నున్న చోట ఆ 3,000 మీద 270 డాలర్ల పన్ను మీరు కడుతూనే ఉంటారు. అదే డీలర్ తన జేబులోంచి 3,000 తగ్గిస్తే పన్నూ తగ్గుతుంది. అందుకే డీలర్ డిస్కౌంట్‌లో ఒక డాలరు, కంపెనీ రిబేటులో ఒక డాలరు కంటే కాస్త బరువు. మంచి వార్త ఏంటంటే, ఖర్చు పెట్టి సంపాదించిన రివార్డులని ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) తగ్గింపుగానే చూస్తుంది, ఆదాయంగా కాదు.

డౌన్ పేమెంట్ కార్డు మీద? చాలా చోట్ల 2,000 నుంచి 5,000 డాలర్ల దాకా ఒప్పుకుంటారు, ఆపైన ఒప్పుకోరు. కార్డు రుసుము 2, 3 శాతం వాళ్లకి తగులుతుంది కాబట్టి. కొందరు 3 శాతం సర్‌ఛార్జ్ మీ నెత్తినే వేస్తారు. 3,000 మీద 90 డాలర్లు. కొత్త కార్డు వెల్‌కమ్ బోనస్ అందుకోవడానికి ఆ ఖర్చు పనికొస్తుంటే తప్ప చెక్కు ఇవ్వడమే మేలు. ఇంకో మాట: ఫైనాన్స్ వాయిదాలు నెలనెలా క్రెడిట్ కార్డుతో కట్టి పాయింట్లు కొట్టేద్దామనుకుంటే, లోన్ కంపెనీలు సాధారణంగా క్రెడిట్ కార్డు తీసుకోవు.

---

స్టీరింగ్_సీటు:

చాలా విషయాలు తెలిశాయి. ఒక్క సందేహం. కొనేముందు ఏడాదిలోనే ఈ కార్డు తీసుకుంటే లోను వడ్డీ మీద ప్రభావం ఉంటుందా? ఇంకా, లీజుకి తీసుకుంటే పాయింట్లు ఎలా వాడాలి?

---

లెక్కల_పుస్తకం:

ఉంటుంది. క్రెడిట్ కార్డు దరఖాస్తుకి హార్డ్ ఎంక్వైరీ (మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూసినట్టు నమోదు) పడుతుంది. రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది, ఫైకో స్కోరులో (అప్పిచ్చేవాళ్లు చూసే క్రెడిట్ స్కోరు) లెక్కకొచ్చేది 12 నెలలు. కారు లోన్ల కోసం నాలుగైదు బ్యాంకుల్లో విచారిస్తే మాత్రం వాటన్నిటినీ ఒకటిగానే చూస్తారు, ఫైకో పాత వెర్షన్లలో 14 రోజుల్లోపు, కొత్త వాటిలో 45 రోజుల్లోపు. కార్డు దరఖాస్తుకి ఆ సౌకర్యం లేదు, ప్రతిదీ విడిగా పడుతుంది. పైగా కొత్త ఖాతా తెరిస్తే సగటు ఖాతా వయసు తగ్గుతుంది.

స్కోరు ఒక మెట్టు దిగితే ఏమవుతుందో చూడండి. 35,000 డాలర్లు, 60 నెలలు. 6 శాతానికి నెలకి 677, 7 శాతానికి 693. తేడా నెలకి పదహారు డాలర్లే. అయిదేళ్లకి 980 డాలర్లు పైచిలుకు. 15,000 జీఎం పాయింట్ల వెల్‌కమ్ బోనస్ విలువ 150 డాలర్లు. కాబట్టి కార్డు కావాలంటే కొనే తేదీకి ఏడాది ముందే తీసుకోండి, లేదా బండి ఇంటికొచ్చాక తీసుకోండి. ఆ మధ్యలో వద్దు.

డౌన్ పేమెంట్ కార్డు మీద వేస్తే ఇంకో చిక్కు. లిమిట్ 10,000 ఉన్న కార్డు మీద 5,000 పెడితే వినియోగం (లిమిట్‌లో వాడిన భాగం) 50 శాతం. స్టేట్‌మెంట్ వచ్చిన రోజు బాకీ ఎంతుంటే అంత క్రెడిట్ బ్యూరోకి (స్కోరుకి లెక్కలు ఉంచే సంస్థ) వెళ్తుంది. ఒక లోను కాదని ఇంకోటి చూస్తూ, లోను తేలక ముందే స్టేట్‌మెంట్ వచ్చేస్తే ఆ అంకె స్కోరు మీద పడుతుంది. స్టేట్‌మెంట్ తేదీకి రెండు మూడు రోజులు ముందే కట్టేయండి.

కార్డు బాకీ మోయడం గురించి ఒక ముక్క, మీకు కాదు, చదివే మిగతావాళ్లకి. 5,000 డాలర్లు 25 శాతం ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు) మీద ఉంచితే నెలకి 104 డాలర్ల వడ్డీ. దాని మీద 4 శాతం పాయింట్లు 200. రెండు నెలల్లో పాయింట్లన్నీ వడ్డీకే పోయాయి. క్యాష్ అడ్వాన్సుకి, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కి పాయింట్లు అసలు రావు.

ఇండియా ప్రయాణం ఉందంటే విదేశీ లావాదేవీ రుసుము ఉందో లేదో చూడండి. 3 శాతం రుసుమున్న కార్డుతో అక్కడ బంగారం కొంటే, 1, 2 శాతం వచ్చే పాయింట్లు ఆ రుసుముకి కూడా చాలవు.

---

ఫైనాన్స్_గది:

లీజు అయితే పాయింట్లు సాధారణంగా క్యాప్ కాస్ట్ (లీజు లెక్క వేసే బండి ధర) తగ్గించడానికి పోతాయి, అంటే ముందుగా డబ్బు కట్టినట్టే. 3,000 డాలర్ల పాయింట్లు అలా పెట్టారనుకోండి, మూడో నెలలో బండి ప్రమాదంలో బాగుచేయలేనంతగా దెబ్బతిని టోటల్ అయిపోయింది. ఇన్సూరెన్స్, గ్యాప్ కవర్ (ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ బాకీకీ ఉన్న తేడా కట్టేది) కలిసి లీజు కంపెనీ బాకీ తీరుస్తాయి. మీరు ముందు పెట్టిన 3,000 మాత్రం వెనక్కి రాదు. 36 నెలలకి పరిచిన తగ్గింపులో మీరు అనుభవించింది రెండు మూడు నెలలదే. సొంతానికి కొన్నప్పుడు ఈ బాధ ఇంత ఉండదు, ఇన్సూరెన్స్ బండి విలువ మీదే ఇస్తుంది, బాకీ పోగా మిగిలింది మీకే వస్తుంది.

కాబట్టి లీజుకి వెళ్లేవాళ్లు పాయింట్లు వాడకుండా దాచుకుని, లీజు చివర్లో కొత్త బండి కొనేటప్పుడు పెట్టుకోవడం మంచిది. అందుకు ఆ కార్డు ఖాతా తెరిచే ఉండాలి. మూసేస్తే మిగిలిన పాయింట్లు పోయే కార్డులున్నాయి. కార్డు బ్యాంకు మారిందని ఉత్తరం వస్తే, పాత సైటులో స్టేట్‌మెంట్లు, పాయింట్ల నిల్వ డౌన్‌లోడ్ చేసుకోండి. కార్డు నంబరు మారితే ఫోను, ఇన్సూరెన్స్, టోల్ ట్యాగ్ లాంటి ఆటోపేలు కొత్త నంబరుకి మార్చండి. కార్డు బిల్లు కట్టే ఆటోపే కొత్త బ్యాంకులో మళ్లీ పెట్టారో లేదో చూసుకోండి. ఆ ఒక్క నెల తప్పితే ఆలస్య రుసుము, వడ్డీ రెండూ పడతాయి.